మందలో తలలెన్ని?

మా నాయన గొర్రెల కాపరి. ఉదయగిరి కొండ కింద మా దొడ్డి. నేను ఆత్మకూరులో బట్టలు కుట్టుకుని బతుకుతాను. ఆయనకు మతిమరుపు ముదురుతోందని ఆత్మకూరు డాక్టరు చెన్నైలో ఒక పరిశోధనకు పంపాడు. నేనే తీసుకెళ్లాను. నరంలోకి ఒక మందు ఎక్కిస్తారట. అది మెదడులో పేరుకున్న ప్రొటీన్‌కు అంటుకుంటుందట. అంటుకున్న చోటల్లా స్కాన్‌లో ఎర్రగా కనబడుతుందట.

ముందు ప్రశ్నలు అడిగారు. "మీకు గొర్రెలు ఎన్ని, తాతా?" అంది డాక్టరమ్మ. నాయన నోరు విప్పలేదు. మళ్లీ అడిగితే గోడవైపు తిరిగాడు. ఆమె కాగితం మీద సున్నా వేసింది. నాకు ఒళ్లు మండింది.

"అది మరుపు కాదు మేడమ్. మందలో తలలెన్నో మావాళ్లు బయట చెప్పరు. దిష్టి తగులుతాదని భయం" అన్నాను. ఆమె నవ్వి ఆ సున్నా కొట్టేసింది.

స్కాన్‌ను కొట్టేయడం ఎవరి వల్లా కాదు. తెర మీద నాయన మెదడు చాలామేర ఎర్రగా ఉంది. అల్జీమర్స్ అన్నారు. "ఎంత పేరుకుందో ఇది చూపిస్తుంది. ఏది ఎప్పుడు మరిచిపోతారో మాత్రం దీనికి తెలియదు" అంది డాక్టరమ్మ. ఆ రెండో మాటను నేను కొంగున ముడివేసుకున్నాను.

మా అన్న మొదటి మాటే పట్టుకున్నాడు. వారం తిరక్కుండా దుత్తలూరు నుంచి గొర్రెల బేరగాణ్ణి దొడ్డికి వెంటబెట్టుకొచ్చాడు. మంద పోతే నాయన మంచం దిగడని నాకు తెలుసు. అమ్మొద్దన్నాను.

"ఫొటోలో అంత క్లియర్‌గా ఉండాదే, ఇంకేంది నీ మొండితనం? రేపు కొండలో దారి తప్పితే?"

"మంద వచ్చిందాకా కూర్చో అన్నా" అన్నాను.

పొద్దు వాలాక నాయన మందను తోలుకొచ్చాడు. గంపల కింద మూసిపెట్టిన గొర్రెపిల్లల్ని ఒక్కొక్కటే తీసి తల్లుల దగ్గర వదిలాడు. తనది కాని పిల్ల వస్తే గొర్రె తలతో నెట్టేస్తుంది. ఒక్క గొర్రె కూడా నెట్టలేదు.

చివరి పిల్లను చంకలో పెట్టుకుని నాయన నావైపు చూశాడు. "నువ్వు ఎవురి బిడ్డవమ్మా?"

"నీ బిడ్డనే నాయనా."

"అట్నా. అయితే దీన్ని పట్టుకో" అని పిల్లను నా చేతుల్లో పెట్టాడు.

"చూసినావా?" అన్నాడు అన్న.

"చూసినా. నన్ను మరిచిపోతే నేను రోజూ చెప్పుకుంటా. కుట్టు మిషన్ మూలన పెట్టి మంద ఎనక నాయనతో నేనే పోతా. అమ్మేది లేదు."

అన్న తల దించుకున్నాడు. బేరగాడు లేచి కండువా దులుపుకున్నాడు. "సరేలేమ్మా. ఇంతకీ తలలెన్ని?" అని అడిగాడు.

నేను నోరు విప్పలేదు.