సుంగై సుమున్ బంగళాలో డెక్లన్ మాట్లాడిన తెలుగు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయే మనిషిని. చాలా ఏళ్లుగా కౌలాలంపూర్‌లో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. పరీక్షకు నిలవనిది ఏదీ నేను నమ్మను. ఇప్పుడు కూడా నాకు భయం వేయడం లేదు. రాస్తుంటే ఒళ్లు మండుతోంది, అంతే.

మా నాయనమ్మవి బూడిద రంగు కళ్లు. ఆమె సుంగై సుమున్ దగ్గర కొబ్బరితోటలో పుట్టింది. తోటలో అందరూ ఆమెను "దొర గుంట", అంటే దొరకు పుట్టిన పిల్ల, అనేవారట. ముసలితనంలో కూడా ఆ మాట చెవిన పడితే అన్నం ముందు నుంచి లేచిపోయేది. ఆమె తల్లి అప్పలనర్సమ్మ పెళ్లికి ముందు దొర బంగళాలో ఊడ్చే పని చేసేది. అంతకు మించి మా ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పలేదు.

రెండేళ్ల కిందట మా అమ్మాయి సరదా పడితే వంశం తెలిపే డీఎన్ఏ పరీక్ష చేయించుకున్నాను. నాలో ఐర్లాండ్ రక్తం ఉందని తేలింది. కొన్నాళ్లకే ఆ దేశం నుంచి డెక్లన్ అనే రిటైరైన పెద్దమనిషి, పరీక్షలో మా ఇద్దరి రక్తం కలిసిందని మెయిల్ పెట్టాడు. ఆ తోటను నడిపిన దొర ఆయన తాత. తూర్పుదేశంలో తాత ఒక అమ్మాయిని మనసారా ప్రేమించాడని వాళ్లింట్లో కథలా చెప్పుకుంటారట. ఆ అమ్మాయి మా అప్పలనర్సమ్మే అని తెలిసి పొంగిపోయాడు. తోటకు వచ్చి వీడియో తీస్తానని, బంధువులంతా కలిసే రోజున చూపిస్తానని రాశాడు.

ఆ "ప్రేమ" అన్న మాట దగ్గరే నాకు చిరాకు మొదలైంది. అయినా రమ్మన్నాను.

తెలుక్ ఇంతాన్‌లో ఉండే మా సింహాచలం అత్తను కూడా కారెక్కించుకున్నాం. ఆవిడ మా నాన్నకు అక్క, ఎనభై దాటిన మనిషి. అప్పలనర్సమ్మ చేతుల్లో పెరిగింది. డెక్లన్‌ను ఎగాదిగా చూసి, "ఏటే అమ్మీ, ఈడు మా అమ్మ తమ్ముడి కొడుకా? అయితే నాకు మరిదవుతాడు లా!" అని మలేషియా వాళ్ల "లా" తగిలించి పకపకా నవ్వింది. ఆయన ఆవిడ పేరు పలకబోయి నాలుక తిరగక, చివరికి "ఆంటీ" అనేసి ఊరుకున్నాడు.

తోటలో ఇప్పుడు కొబ్బరి చెట్లు లేవు, అంతా ఆయిల్ పామ్. బంగళాకు సిమెంటు మెట్లు, రెండు మూడు గోడలు మిగిలాయి. వెనక గదికి ద్వారబంధం ఉంది కానీ తలుపు లేదు. మిట్టమధ్యాహ్నం, ఎండ చుర్రుమంటోంది.

డెక్లన్ ఫోన్‌లో వీడియో ఆన్ చేసి అత్త ముందు పెట్టాడు. "వాళ్లిద్దరూ ఒకరినొకరు ప్రేమించుకున్నారని మీ భాషలో చెప్పండి, చాలు" అన్నాడు. నేను అత్తకు తెలుగులో చెప్పాను. ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

"మా అమ్మమ్మ సచ్చేదాకా ఈ పక్కకి తల తిప్పి సూడనేదు. పేమయితే సూడదా? ఏటి సెప్పమంటాడు నన్ను?"

ఒక్క మాట వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆయన చిన్నపిల్లను చూసినట్టు నన్ను చూసి నవ్వాడు. "ఆ రోజుల్లో ఇలాంటివి పైకి ఒప్పుకునేవారు కాదు కదా" అన్నాడు. నా రక్తం ఉడికిపోయింది. నేను నోరు తెరిచేలోగా ఆయన ఫోన్ పట్టుకుని మెట్లెక్కి వెనక గది వైపు వెళ్లాడు.

ద్వారబంధం దాటి లోపలికి అడుగుపెట్టి, మా వైపు తిరిగి ఆగాడు. ఫోన్ ఉన్న చెయ్యి కిందికి జారింది. రెండో చేతిని పైకెత్తి అరచేతిని గాలిలో ఆనించాడు, అక్కడ మూసిన తలుపు ఉన్నట్టు. తర్వాత మాట్లాడాడు. గొంతు ఆయనదే, ఆ ముసలి గొంతే.

"తలుపు తియ్యండి దొరా. మా సెల్లి బయట నిలబడుంది." తలుపు అవతలికి వినపడేలా గొంతు పెంచాడు. "పైడీ, నువ్వెల్లిపో. అమ్మకి సెప్పకు."

ఒక్క అక్షరం తడబడలేదు. మా పిల్లలకు కూడా రాని పాత తోట తెలుగు అది.

అత్త గోడ పట్టుకుని మెట్లెక్కి వెళ్లి ఆయన మణికట్టు పట్టుకుంది. "రాయే అమ్మా. ఇంటికెల్లిపోదాం రా" అంది. ఆయన తల వంచుకుని ఆవిడ వెంట దిగి వచ్చాడు. కింది మెట్టు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. ఆంటీ ఎందుకు ఏడుస్తోందని నన్నే అడిగాడు.

కారులో అత్త చెప్పింది. పైడితల్లి అప్పలనర్సమ్మకు చెల్లెలు. చిన్నతనంలోనే ఆ తోటలో జ్వరం వచ్చి పోయింది. ఆ పేరు నేను అప్పటిదాకా విననే లేదు. డెక్లన్‌కు ఎవరు చెబుతారు?

ఫోన్‌లో రికార్డింగ్ నడుస్తూనే ఉంది. ఆయన పెట్టాడు, ముగ్గురం విన్నాం. అర్థం అడిగాడు. మాట మాటకూ చెప్పాను. మొహం పాలిపోయింది. తర్వాత, "ఇది మావాళ్లకు వినిపించలేను" అని నా కళ్లముందే దాన్ని చెరిపేశాడు.

"గొంతు మీదే కావచ్చు, ఆ మాటలు మావి. చెరపడానికి మీరెవరు?" అని అరిచాను.

సారీ అన్నాడు. అంతే. బంధువులు కలిసిన రోజున ఆ ప్రేమకథనే చెప్పాడని తర్వాత తెలిసింది. మా అప్పలనర్సమ్మ పేరు అందులోంచి తీసేయమని రాశాను. జవాబు లేదు.

చిన్నప్పుడు తాత దగ్గర విని ఉంటాడని మా ల్యాబులో ఒకరు అన్నారు. ఆయన పుట్టకముందే తాత పోయాడు. తోటల్లో దొరలు కూలీలతో మాట్లాడింది అరవం. అయినా అలాంటి మాటలు ఏ తాత మనవడికి నేర్పుతాడు? ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు.

ఆ రోజు ఎవరిని "అమ్మా" అని పిలిచావని అత్తను ఒకసారి అడిగాను.

"మా అమ్మమ్మ లోపల్నుంచి అంతలా పిలుస్తంటే అప్పుడు ఎవులూ పలకనేదు కదే" అంది. "నేను పలికినాను."