ఇద్దరికీ ఒకటే తాళం

మా మేస్త్రిగారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున్నే దంతెవాడ దగ్గరి బచేలి నుంచి ఆయన అల్లుడు ఫోన్ చేసి, "నిద్రలోనే పోయారండి. మీకు ముందు చెప్పమంది అత్తయ్య" అన్నాడు. ఆ "ముందు" అన్న మాటను ఆ రాత్రి పుస్తకంలో రాసుకున్నాను.

ఆయనది శ్రీకాకుళం వైపు. రైలు పట్టాలు వేసే రోజుల్లో అక్కడికి వచ్చి, తర్వాత ఇనుపరాయి కొండ కింద ఒక కాంట్రాక్టరు నడిపే క్రషర్‌లో, రాయిని మోసే బెల్టులకు మేస్త్రిగా స్థిరపడ్డారు. నేను గొల్లపల్లి నుంచి వెళ్ళి ఆయన దగ్గర చేరాను. బడికి పోలేదు, డబ్బాల మీది పేర్లు చూసి చదవడం నేర్చుకున్నవాణ్ణి. ఏ రోజు ఎంత గ్రీజు వాడామో, బెల్టు కింద ఏ రోలరు మార్చామో పుస్తకంలో ఎక్కించే పని నాకు అప్పగించి, "నువ్వు మాటాడవు కదరా, రాయి మరి" అన్నారు. ఇప్పటికీ రోజూ ఏదో ఒకటి రాయందే నాకు పొద్దు గడవదు.

బెల్టు కిందికి దూరే ప్రతి మనిషీ ముందు స్విచ్ పెట్టెకు తన తాళం తాను వెయ్యాలి. తాళంచెవి తన జేబులోనే ఉండాలి. ముగ్గురు దూరితే మూడు తాళాలు. ఒక్క తాళం ఉన్నా బెల్టు తిప్పకూడదు. అక్కడ ప్రాణాలు నిలబడేది దానిమీదే.

నాకో జతగాడు ఉండేవాడు, కిష్టారం మనిషి. ఒకే గది, ఒకే పొయ్యి. ఒకరోజు నేను తాళం తీయబోతే నా చెయ్యి పట్టుకుని, "నీదేంది, నాదేంది? ఒక్కటే ఏద్దాం పా" అన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ అతని తాళమే. నన్ను అంత దగ్గరవాడిగా చూసిన మనిషి అంతకుముందు లేడు. గర్వపడ్డాను.

మేస్త్రిగారు పట్టేశారు. "ఏట్రా ఇది? దూరింది ఇద్దరు, తాళం ఒకటేటి? మీరేటి పెళ్ళి సేసుకున్నారేటి?"

అందరూ పగలబడి నవ్వారు. "గంత దోస్తీ మాది మేస్త్రీ" అన్నాడు జతగాడు.

తర్వాత మేస్త్రిగారు నన్ను పక్కకు పిలిచి, "మనిషి మాటలిని మురిసిపోకు. డ్యూటీ దిగే ముందు పది నిమిషాలుంటాది. అప్పుడు ఆడేటి సేస్తాడో సూడు" అన్నారు.

నేను చూడకపోలేదు. ఆ పది నిమిషాల్లో నేను పానాలు తుడిచి పెట్టెలో సర్దుతుంటే అతను జీపు అద్దంలో తల దువ్వుకుంటూ ఉండేవాడు. శుభ్రం ఇష్టం కాబోలు అనుకున్నాను. మా స్నేహం చూసి మేస్త్రిగారికి కన్నుకుట్టిందని కూడా అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఒక శనివారం రోలరు మారుస్తున్నాం. ఇంకా రెండు బోల్టులు ఉన్నాయి. అతను ముందు బయటికి వెళ్ళాడు. దంతెవాడ జీపు కదలబోతోంది. జేబులోంచి తాళంచెవి తీసి, తాళం విప్పుకుని, జీపెక్కేశాడు. పెట్టె ఖాళీగా కనపడేసరికి ఆపరేటరు బెల్టు తిప్పే ముందు వేసే సైరన్ వేశాడు. సైరన్ నాకు వినపడింది. చెయ్యి రోలరు వెనక ఉంది. ఎడమచేతి రెండు వేళ్ళు పోయాయి.

ఆసుపత్రికి అతను రాలేదు. ఐదో రోజు కట్టుతోనే నన్ను ఆఫీసుకు పిలిపించారు. తాళం వెయ్యకుండా దూరినవాణ్ణి పనిలోంచి తీసేయడం అక్కడి రూలు. మేనేజరు "తాలా కిస్‌కా థా?" అని, తాళం ఎవరిదంటూ ఇద్దరినీ చూశాడు.

"నా తాళం నేను తీసుకున్న సార్. అతను తాళం ఎయ్యలే. లోపల ఉన్నడని నాకు తెల్వదు" అన్నాడు జతగాడు. అందులో అబద్ధం చివరి ముక్క ఒక్కటే. నేను అతని మొహం వైపే చూస్తున్నాను. అతను గోడ వైపు చూస్తున్నాడు.

ఎవరూ పిలవకుండానే మేస్త్రిగారు లోపలికి వచ్చారు. "రాయండి బాబూ. ఈలిద్దరూ ఒకటే తాళం ఏస్తన్నారని నాకు తెలుసు. ఒకపాలి తిట్టినాను, మరోపాలి ఊరుకున్నాను. తప్పులో నా పేరు ముందు రాయండి."

ఆయన పేరే ముందు రాశారు. ఆయన్ను బెల్టుల మీంచి తీసి సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే. నా పని నిలిచింది. ఆయన జాగా జతగాడికి దక్కింది.

"వాణ్ణి ఒక్క మాటైనా అనలేదే" అని ఒకసారి ఉండబట్టలేక అడిగాను. ఆయన నట్లు ఏరుతూ, "ఆడేటి సేసినాడో నువ్వు సూసినావు. మద్దిలో నేనేటి సెప్పేది?" అన్నారు.

బుధవారం సాగనంపడానికి వెళ్ళాను. పాడె ఎత్తబోతుంటే ముందు వైపు నా పక్క కొమ్ముకు ఒక మనిషి వచ్చి భుజం పెట్టాడు. జుట్టంతా నెరిసిపోయింది. అయినా గుర్తుపట్టాను, నా జతగాడే. అతను నాకంటే తలెత్తు పొడుగు. పాడె నా వైపు ఒరిగిపోతుందనుకున్నాను. ఒరగలేదు. కింద చూస్తే అతను మోకాళ్ళు వంచి నడుస్తున్నాడు. ఇంటి దగ్గర నుంచి వాగు దాకా, ఆ ఎర్రమట్టి దిగుడంతా అలాగే నడిచాడు. నేను తప్ప ఎవరూ గమనించలేదు.

పాడె దించాక అతను నడుం పట్టుకుని చాలాసేపు నిటారుగా లేవలేకపోయాడు. నేను పక్కనే ఉన్నాను. చెయ్యి ఇవ్వలేదు.

నిప్పు అంటించారు. అతనూ నేనూ పక్కపక్కనే నిలబడి చూశాం. మా మధ్య ఇంకొక మనిషి నిలబడేంత ఖాళీ ఉంది. పొగ గాలికి వంగి ఆ ఖాళీలోంచే వాగు వైపు పోయింది.