సత్తెమ్మ చెప్పని కృతజ్ఞత

ఏడేళ్ళుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. చిన్నదే. ఇంగ్లీషులో, పట్టపగలు, పదిమంది ముందు నా నోటితో పలికింది. ప్రార్థనలో ఎన్నోసార్లు దాని దాకా వచ్చి, పక్కకు తప్పుకుని, రోగుల కోసం, దేశం కోసం ప్రార్థించి లేచిపోయాను. దేవుడికి తెలియదనా? తెలుసు. ఆయనకు తెలుసు కదా అన్నదే నాకు సాకు అయింది. అందుకే మీకు చెబుతున్నాను.

నేను నరసాపురంలో ఇంగ్లీషు టీచర్ని. మా చర్చి సంఘానికి విదేశీ బోధకులు వస్తే పక్కన నిలబడి తర్జుమా చేసేది నేనే. మావాళ్ళ సాక్ష్యాలు వాళ్ళకు ఇంగ్లీషులో వినిపించేదీ నేనే. సాక్ష్యానికి ఒక నడక ఉంటుంది. కష్టం వచ్చింది, ఏడ్చాను, ప్రభువు ఆదరించాడు, స్తోత్రం. ఎవరైనా ఆ చివరి మెట్టు ఎక్కలేక ఏడుస్తూ కూర్చుండిపోతే నేనే ఎక్కించేసేదాన్ని. అతిథి ముఖం వెలిగేది. అది అబద్ధమని నాకు ఏనాడూ తోచలేదు. విశ్వాసం అనుకున్నాను.

ఏడేళ్ళ కిందట ఢిల్లీ నుంచి పార్లమెంటు ఉద్యోగులు నలుగురు వచ్చారు. సభ్యుల కమిటీలకు నివేదికలు తయారుచేసి ఇవ్వడం వాళ్ళ పని. ఆఫీసులో కూర్చుని కాగితాలు చదవడం కాదు, జనం నోటి మాట విని దాన్ని సభకు చేర్చడం నేర్చుకోవాలని ఒక విదేశీ సంస్థ వాళ్ళకు శిక్షణ ఇస్తోంది. నేర్పేవాళ్ళు ఇద్దరు విదేశీయులు వెంట వచ్చారు. ఇది శిక్షణే అయినా, రాసుకున్నది నిజంగా కమిటీకి వెళ్తుందన్నారు. తర్జుమాకు మా పాస్టరుగారు నా పేరు చెప్పారు.

సముద్రం ఒడ్డున ఒక పల్లెకు వెళ్ళాం. వలలు బాగుచేసుకునే పాక కింద ఆడవాళ్ళు కూర్చున్నారు. అందరికంటే ముందు మాట్లాడింది సత్తెమ్మ, ఎండుచేపలు అమ్ముకునే మనిషి. నది సముద్రంలో కలిసే చోటును వాళ్ళు మొగ అంటారు. ఆమె దాని గురించే చెప్పింది.

"మొగంతా ఇసక మేటేసిందండి. పోయినేడు మాయాన పడవ అక్కడే బోల్తా కొట్టింది. మూడో రోజుకి దొరికాడు. రేపు నా కొడుకూ ఆ దారినే ఎల్లాలి. మాకు ఓదార్పులొద్దు. మొగ తవ్వించండి, అంతే. ఎంతమందొచ్చి రాసుకెళ్ళారో. ఆ కాయితాలన్నీ పోస్తే ఇసక లేకుండానే పూడిపోయేది."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అర్థం కాకపోయినా అతిథులూ నవ్వారు.

మూడో రోజు శవం దొరకడం వరకూ సరిగానే చెప్పాను. ఆ తర్వాత నా నోరు తనకు అలవాటైన మెట్టు ఎక్కేసింది. ఇంత దుఃఖంలోనూ దేవుడు మమ్మల్ని నిలబెట్టాడు, ఇంత దూరం వచ్చిన మీకు కృతజ్ఞతలు అంటున్నారు అని చెప్పాను. సత్తెమ్మ మా సంఘపు విశ్వాసి కూడా కాదు. ఆ మాట నా చెవిన పడ్డాకే అది నేనన్నానని తెలిసింది. అప్పటికే, నేర్పడానికి వచ్చిన విదేశీ ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది.

ఢిల్లీ ఉద్యోగుల్లో ఒకామె మాత్రం ఆ నవ్వులు గమనించింది. ఇంకేమైనా అన్నారా, ఏదైనా అడిగారా అంది. దిద్దుకోవడానికి అంతకంటే మంచి అవకాశం ఉంటుందా? "లేదండి, కృతజ్ఞతలు చెప్పారంతే" అన్నాను ఇంగ్లీషులో. ఎందుకన్నాను? తప్పు చేసినదానిలా కనబడటం ఇష్టంలేక. ఇంతకంటే పెద్ద కారణం కోసం చాలా వెతికాను. దొరకలేదు.

సత్తెమ్మ నావైపు వంగింది.

"టీచరమ్మగారూ, తవ్వకం సంగతి చెప్పేరా అండి?"

"చెప్పాను."

"మరి ఆవిడేంటండి అలా జాలిగా చూత్తంది? కోపం రావాలి కదా."

"వాళ్ళ పద్ధతి అంతేనమ్మా" అన్నాను.

కొన్ని నెలలకు పోస్టులో ఒక చిన్న పుస్తకం వచ్చింది. ఆ శిక్షణ సంస్థ కొత్త ఉద్యోగులకు పాఠంగా వేసిందట. లోపల సత్తెమ్మ ఫొటో. కింద, ఈమె ప్రత్యేకంగా ఏమీ కోరలేదు, ఆమె ధైర్యమూ కృతజ్ఞతా మమ్మల్ని కదిలించాయి అని. జనం మాట శ్రద్ధగా వినడానికి అది ఉదాహరణ. అందులోని తీరపు పల్లెల కోరికల పట్టికలో రోడ్డు ఉంది, ఐసు ఫ్యాక్టరీ ఉంది. మొగ లేదు. చివరి పేజీలో నా పేరు ఉంది. ఆ ఆదివారం పాస్టరుగారు ఆ పేజీ సంఘానికి చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. అబద్ధ సాక్ష్యం పలకరాదని ఆదివారపు బడిలో పిల్లలకు నేర్పే మనిషిని, తల వంచుకుని ఆ చప్పట్లు విన్నాను.

పోయిన వానాకాలం సత్తెమ్మ కొడుకు పడవ మొగలో తిరగబడింది. అతను పోయాడు.

నేను సరిగా చెప్పి ఉంటే తవ్వించేవారా? తవ్వించకపోయి ఉండవచ్చు. అడిగినవన్నీ ఎక్కడ జరుగుతున్నాయి? ఆ 'ఉండవచ్చు' చాటున ఏడాదిగా దాక్కున్నాను. ఎందుకంటే పరామర్శకు వెళ్ళిన రోజున సత్తెమ్మ నా చెయ్యి పట్టుకుని, చుట్టూ ఉన్నవాళ్ళకు వినబడేలా, "ఈవిడ చెప్పేరండి పాపం. ఆళ్ళే ఇనలేదు" అంది. నేను ఆ చెయ్యి విడిపించుకోలేదు. ఆ రోజు నన్ను చూసి నేనే బిత్తరపోయాను. ఆమె దుఃఖంలోంచి కూడా నాకు మంచిపేరు తీసుకుంటున్నాను.

నిన్న వెళ్ళి చెప్పాను. ఆమె ఎండలో చేపలు తిరగేస్తోంది. నేను చెప్పడం అయిపోయాక కూడా తిరగేస్తూనే ఉంది. ఒక వరస అయ్యాక, ఆ రోజు ఇంగ్లీషులో నేనేమన్నానో తెలుగులో చెప్పమంది. చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. ఆపైన నావైపు చూడలేదు. రెండో వరస మొదలుపెట్టింది.

క్షమించమని అడగలేదు. అడిగితే జవాబు వెతుక్కునే పని ఆమె మీద పడుతుంది. వచ్చేశాను.

జరిగిందంతా చెబుతూ ఢిల్లీకి ఉత్తరం రాశాను, నా పేరుతోనే. అది ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు. మొగ ఇంకా పూడే ఉంది. నేను మాత్రం రాత్రి ప్రార్థనకు మోకరించి, రోగుల దగ్గరికీ దేశం దగ్గరికీ వెళ్ళకుండా, "ఆమె అడిగింది, అడగలేదని నేను చెప్పాను" అన్నాను. ఏడేళ్ళ తర్వాత ఊపిరి లోపలి దాకా వెళ్ళింది.