బాగైన కన్ను

నా చిన్నప్పుడు మా వాకిట్లో కోళ్ళు చాలానే తిరిగేవి కానీ, నా వెంట నడిచేది మాత్రం ఒక్కటే, నల్లపెట్ట. అది పిల్లగా ఉన్నప్పుడే తల్లిని పిల్లి ఎత్తుకుపోతే, నూకలు పెట్టి, గంప కింద మూసి నేనే పెంచాను. బడి నుంచి వస్తుంటే సందు మొదట్లోనే ఎదురొచ్చేది. తెలంగాణ వచ్చిన ఏడాది అది. నేను ఆరో తరగతి.

ఆ వానాకాలం నాకు జ్వరం ముదిరి పాలమూరు దవాఖానలో వారం రోజులు ఉంచారు. తిరిగి ఇంటికొచ్చేసరికి నల్లపెట్ట కుడికన్ను రేగుపండంత వాచి మూసుకుపోయి ఉంది. రెప్పల మధ్య నురుగు, దగ్గరికి పోతే దుర్వాసన. గింజ ఒకచోట ఉంటే అది ఇంకోచోట పొడుస్తోంది.

మా బాపు గొర్రెలు కాస్తాడు. వాటి మందుకోసం పశువుల దవాఖానకు పోతుంటే ఏడ్చి వెంటపడ్డాను, పెట్టను సంచిలో పెట్టుకొని. అక్కడి కాంపౌండరు సంచిలోకి తొంగిచూసి పడీపడీ నవ్వాడు.

"కోడికి కంటి డాక్టర్ గావాల్నా? అద్దాలు గూడ పెట్టియ్యమంటవా పిల్లా?" అన్నాడు. తర్వాత బాపు వైపు తిరిగి, "గొర్లకైతే ఉన్నయ్ మందులు. దీనిది బయట కొనాలె. గా పైసలకు రెండు పెట్టలొస్తయ్. ఊకె ఎందుకే, కూర జేస్కోరాదుండ్రి" అన్నాడు. బాపు కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు, గొర్రెల మందు అతని చేతిలోనే ఉంది.

ఇంట్లో నవ్వనిది మా అవ్వ, బాపును కన్నతల్లి, ఒక్కతే. పసుపు కాచిన గోరువెచ్చని నీళ్ళతో, మెత్తటి పాతబట్టతో కన్ను ఎలా తుడవాలో చూపించింది. కండ్లకలకలు వస్తే మా దిక్కు చనుబాలు పిండుతారు, కోడికైనా అదే మందు అంది. ఉగ్గుగిన్నె చేతికిచ్చి పక్కింటి అక్క దగ్గరికి పంపింది. ఆ అక్క మూడు నెలల బాలింత. ప్రతిరోజూ పొద్దున అవ్వ పెట్టను ఒళ్ళో పెట్టుకొని "రెప్ప లేస్తుందా బిడ్డా? ఎంతవరకొచ్చింది?" అని అడిగేది. నాకంటే ఆమెకే ఆరాటం ఎక్కువ. నా పెట్ట అంటే అవ్వకు ఇంత ప్రేమ ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

నాలుగోరోజు పక్కింటి అక్క గిన్నె అందుకోలేదు. మా గోడ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఇగ చాలు చెల్లె. గా ఒక్క కన్ను గట్లనే ఉండనియ్. ఒంటికంటితోని బతకదా ఏంది?" అంది.

నాకు ఒళ్ళు మండింది. "నీ కొడుక్కు గిట్లయితే ఊకుంటవా?" అన్నాను.

ఆమె ముఖం తిప్పుకుంది. గిన్నెలో పాలు పిండి ఇచ్చింది. పిసినారిది, నాలుగు చుక్కలకు కూడా ఏడుస్తోంది అనుకుంటూ ఇంటికొచ్చాను.

పదోరోజుకు లోపలి గడ్డ ఊడొచ్చింది. కన్ను పూర్తిగా తెరుచుకుంది. నేను వాకిలంతా గంతులేశాను. అవ్వ నా తల నిమిరి, "మంచిగ జేసినవ్ బిడ్డా, నీ చేతి సలువ" అంది.

ఆ ఆదివారమే పెట్టకు స్నానం చేయించి, పసుపు రాసి, బొట్టు పెట్టి పోచమ్మ దగ్గరికి తీసుకుపోయారు. దారిలో అడిగితే అవ్వ దాచలేదు. "నువ్వు దవాఖానల ఉన్నప్పుడు నల్లపెట్టనిస్తనని మొక్కిన. కన్ను పోయినదాన్ని అమ్మకెట్లిస్తం? గందుకే ఆగిన" అంది. అంత మామూలుగా అంది.

పెట్ట మీద నీళ్ళు చల్లి అందరూ ఎదురుచూశారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. చాలాసేపు విదిలించలేదు. విదిలించకు, విదిలించకు అని నేను లోపల అనుకుంటూనే ఉన్నాను. అది రెండు కళ్ళతో చుట్టూ చూసింది. నేను కనపడగానే నా వైపు రాబోయి, ఒళ్ళు విదిలించింది.

అవ్వ మీద నాకు కోపం లేదని చెప్పలేను. ఆమె మొక్కింది నా ప్రాణం కోసమే, అది తెలిసీ కోపం పోలేదు. మొక్కు సంగతి తెలిసీ పక్కింటి అక్క ఎందుకు నేరుగా చెప్పలేదో మాత్రం నేను తల్లినయ్యాకే అర్థమైంది. ఒళ్ళో పసిపిల్లాడిని పెట్టుకొని ఒకరి మొక్కుకు ఎవరు అడ్డం వస్తారు? చెప్పగలిగినంత చెప్పింది. పెట్టను కాపాడేది ఆ చెడిన కన్నొక్కటే. ఆ కన్నును నేనే పదిరోజులు కష్టపడి బాగుచేశాను.

ఇప్పుడు నాకు ఏడు నెలల పాప. డిగ్రీ చదివాను, జ్వరమొస్తే మందే వేస్తాను, మొక్కులు మొక్కను. కానీ పొద్దున స్నానం కాగానే దాని బుగ్గ మీద కాటుకతో చుక్క పెడతాను, అందరు తల్లులు పెట్టేదానికంటే పెద్దది. "దిష్టికి గింత చుక్క సాలదా? పిల్ల మొఖమంత ఖరాబ్ జేస్తున్నవ్" అంటాడు మా ఆయన. ఏ లోపమూ లేనిదాన్ని ఎవరో ఒకరు అడుగుతారని ఆయనకెలా చెప్పను? పాప చెయ్యి తగిలి అది చెరిగిపోతే, పొయ్యి మీద పాలున్నా సరే, వదిలేసి వచ్చి మళ్ళీ దిద్దుతాను.