ల్యాబ్ తాళం తీయించిన అత్తయ్య

మా మేనత్త పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ ల్యాబ్‌లో ఉన్నాను. అవనిగడ్డ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా చేసి రిటైరైన మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయింది. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో రోగి తిరిగి అప్పజెప్పేదాకా మందు చేతికి వదిలేది కాదు. నేనీ ల్యాబ్‌లో నిలబడ్డానంటే ఆవిడ చలవే.

ఇంటర్ అయ్యాక ఫార్మసీ చదువుతానన్నాను. మా పెడనలో చాలామందికి ఒకటే లెక్క. ఏ కాలేజీ పసుపు బస్సు వీధి చివరికి వస్తే అదే మంచి కాలేజీ. కలంకారీ అద్దకం పనిచేసే నాన్న కూడా గుడివాడ వైపు ఒకదాన్ని అలాగే ఖాయం చేశాడు. తెలిసిన మర్నాడే అత్తయ్య దివిసీమ నుంచి తొలి బస్సుకి దిగింది.

"పెళ్ళిచూపులకి వెళ్ళి కారు చూసి పిల్లనిచ్చేస్తావా అన్నయ్యా? పద, చూసొద్దాం."

అక్కడ ఏసీ హాలు చూపించారు, కూల్‌డ్రింకులిచ్చారు. ల్యాబ్ చూస్తామంటే తాళం ఉన్నాయన సెలవన్నారు. "ఫర్వాలేదండీ, ఆయనొచ్చేదాకా కూర్చుంటాం" అని అత్తయ్య కుర్చీలో సర్దుకుంది. మధ్యాహ్నానికి తాళం దొరికింది. ఆవిడ యంత్రాల వైపు చూడనైనా లేదు. తిన్నగా సింకు దగ్గరికెళ్ళి వేలితో రుద్ది చూసింది. దుమ్ము.

"పొయ్యి వెలగని వంటింట్లో వంటెలా నేర్పుతారండీ?"

మరో రోజు గుంటూరు అవతల ఒక యూనివర్సిటీకి వెళ్ళాం. సింకులు తడిగా ఉన్నాయి, పిల్లల తెల్లకోట్ల నిండా మరకలు. "కౌన్సెలింగ్‌లో మొదటి ఆప్షన్ ఇదే" అంది అత్తయ్య. ఆడపిల్ల హాస్టల్లో ఎలా అని నాన్న నసిగాడు.

"రేపిది ఏ బిడ్డకో తప్పు మందిస్తే ఆ తల్లికేం చెబుతావ్? బస్సు మా ఇంటి ముందుకొచ్చేదనా?"

ఆప్షన్లకి ఆఖరి రోజున బందరు నెట్ సెంటర్లో అత్తయ్యే నా పక్కన కూర్చుని, నేను నొక్కాకే లేచింది. తర్వాత చాన్నాళ్ళు అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు పొడిపొడిగానే నడిచాయి. ఆవిడ మాత్రం ఒక్క అడుగు వెనక్కి వేయలేదు.

ఆవిడ పెద్దకర్మ మర్నాడే నాకు ప్రాక్టికల్ పరీక్ష పడింది. ఈసారికి మానేస్తానన్నాను.

"వెళ్ళమ్మా. ఎగ్గొట్టావని తెలిస్తే మా చెల్లి నన్ను బతకనివ్వదు" అన్నాడు నాన్న.

తెల్లవారి లేచేసరికి నాన్న నా తెల్లకోటు ఇస్త్రీ చేస్తున్నాడు. అద్దకం ఎరుపు ఎంత తోమినా ఆయన చేతుల్ని వదలదు. అందుకని రెండు అరచేతులకీ పాత పంచె ముక్కలు చుట్టుకుని, కోటుని అంచులతో పట్టుకుని నాకందించాడు.