రెండు నిమిషాల కప్పు

మా ఇంట్లో కప్పు అంటే మూడు అర్థాలు. పొద్దున్నే కాఫీ తాగేది ఒకటి. మనది కాకపోయినా మన నెత్తి మీద ఉండేది రెండోది. మూడోది ఏడాదికొకసారి నా చేతికొచ్చే వెండిరంగు కప్పు. దాన్ని నేను గెలిచిందీ లేదు, గెలవబోయేదీ లేదు. దానికి రిబ్బన్లు కట్టడం వరకే నా పని. ఆ ఒక్క పనీ ఎలా చెడగొట్టానో చెబుతాను.

మా ఆవిడ దోహాలో ఒక స్కూల్లో పీటీ టీచరు. గుంటూరులో చదువుకునే రోజుల్లో కాలేజీ జట్టులో కబడ్డీ ఆడింది. పెళ్ళిచూపుల్లో ఈ సంగతి చెప్పారు గానీ, నేను దాన్ని పాటలు వచ్చు, కుట్లు వచ్చు అన్నట్టుగా విని వదిలేశాను. ఐదేళ్ళ కిందట ఆవిడతో పనిచేసే ఐర్లండ్ టీచరమ్మ ఒకావిడ, శుక్రవారం ఊరికే చూసొద్దాం రమ్మని, ఉమ్ సలాల్ వైపు ఒక స్కూలు గ్రౌండుకి తీసుకెళ్ళింది. చూడ్డానికి వెళ్ళిన మనిషి మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయి తిరిగొచ్చింది. మొహం మాత్రం వెలిగిపోతోంది. నేను డెట్టాల్ సీసా వెతుకుతుంటే, వచ్చే శుక్రవారానికి బూట్లు కొనాలంది.

ఆ ఆట పేరు గేలిక్ ఫుట్‌బాల్. ఫుట్‌బాల్ అన్నారు కదాని కాళ్ళతోనే ఆడతారనుకోకండి. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, పిడికిలితో గుద్దవచ్చు, తన్నవచ్చు. అవతలి కొసన రెండు పొడవాటి స్తంభాలు, మధ్యలో అడ్డకర్ర ఉంటాయి. బంతి అడ్డకర్ర మీదుగా పోతే ఒక పాయింటు. కిందుగా పోయి వలలో పడితే గోలు, అంటే మూడు పాయింట్లు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, నా పరువు దీని దగ్గరే పోయింది.

మా ఆవిడ ఆడేది ఫుల్ బ్యాక్, అంటే గోలుకి ముందు గోడలా నిలబడే చోటు. నేనూ ఫుల్ బ్యాకే. కాకపోతే నాది మడత కుర్చీకి పూర్తిగా ఆనించిన బ్యాకు. శుక్రవారం సాయంత్రాలు గ్రౌండు పక్కన కుర్చీ వేసుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని, అర్థమైనట్టు తల ఊపుతూ కూర్చునేవాణ్ణి.

ఈ పోటీలన్నీ నడిపే పెద్దాయన అరవై దాటిన ఐరిష్ ఇంజనీరు. పనిలేకుండా కూర్చున్న మనిషిని చూస్తే ఆయనకి ఊపిరాడదు. నేను వెస్ట్ బేలో ఒక కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్నని తెలియగానే, కాగితం పోగొట్టనివాడు కప్పు మాత్రం ఎందుకు పోగొడతాడు అంటూ కప్పున్న సంచీ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. ఆ పూట నా టీ ఆయన తాగుతూ, కప్పు ఇచ్చే పద్ధతంతా నాకు నూరిపోశాడు.

వాళ్ళ దేశంలో ఫైనల్ అయ్యాక గ్రౌండు మధ్యలో బల్ల వేసి కప్పు ఇచ్చేస్తే జనం ఒప్పుకోరట. గెలిచిన కెప్టెన్ ఆ చెమటతో, ఆ బురదతో జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ స్టాండు మెట్లెక్కి పైకి రావాలి. ఎక్కుతుంటే అందరూ వీపు చరుస్తారు. పైన కప్పు అందుకుని, మొదటి వాక్యం ఐరిష్‌లో పలకాలి. ఆ భాష సరిగా రానివాళ్ళు కూడా ఆ ఒక్క వాక్యం కంఠస్థం చేసుకుని వస్తారు. తర్వాత వరసగా కృతజ్ఞతలు. చివరికి, ఇది తప్పనిసరి, ఓడిన జట్టు కోసం గెలిచిన కెప్టెనే మూడుసార్లు హిప్ హిప్ హుర్రే కొట్టించాలి. ఇక కప్పు చెవులకి గెలిచిన జట్టు రంగు రిబ్బన్లు ఉండాలి. రెండు జట్ల రిబ్బన్లూ దగ్గర పెట్టుకో, ఆఖరి విజిల్ పడేదాకా ఏదీ బయటికి తియ్యకు, ఓడినవాళ్ళ రిబ్బను ఎవరి కంటా పడకూడదు అని రెండుసార్లు చెప్పాడు. నేను బుద్ధిగా నోట్ చేసుకున్నాను. నోట్ చేసుకోవడం నా వృత్తి. పాటించడం వేరే డిపార్టుమెంటు.

మొదటి మూడేళ్ళూ బాగానే కట్టాను. పోయిన సీజన్లో, ఏడాదంతా ఒక్క ప్రాక్టీసు కూడా మానలేదని మా ఆవిడని కెప్టెన్ చేశారు. ఆ జట్టులో ఆవిడొక్కతే తెలుగు మనిషి. ఆ రోజు నుంచి మా ఫ్రిజ్ తలుపు మీద, పాలవాడి నంబరు పక్కన, తెలుగు అక్షరాల్లో ఒక చీటీ వెలిసింది: ‘తా ఆనాహస్ ఒరమ్ అన్ కోర్న్ షొ అ గ్లాకు.’ ఈ కప్పు తీసుకోవడం నాకెంతో ఆనందంగా ఉంది అని దానర్థం. ఉన్నదున్నట్టు చెప్పాలంటే ‘ఆనందం నా మీద ఉంది’ అని అంటారట వాళ్ళు. దిగులైనా కోపమైనా అంతే, లోపల ఉండవు, మీద ఉంటాయి. మనకీ కోపం మీదే కదా ఉంటుంది, ముఖ్యంగా నా మీద, అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఇడ్లీ గిన్నెని రెండు చెవులూ పట్టుకుని నెత్తి మీదకి ఎత్తి, ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి అంది.

అలా నెల రోజులు ఇడ్లీ గిన్నె ఎన్నిసార్లు పైకి లేచిందో నాకు తెలుసు. గుంటూరులో ఉండగా వాళ్ళ జట్టు ఒక్కసారి ఫైనల్ గెలిచిందట. కప్పు మాత్రం ప్రిన్సిపాలుగారే అందుకుని ఫొటో దిగి బీరువాలో పెట్టేశారట. ఆడినవాళ్ళు దాన్ని ముట్టుకోను కూడా లేదు. ఇది ఆవిడ చపాతీలు ఒత్తుతూ ఏదో మాటలో మాటగా చెప్పింది. నేను మాత్రం ఆ పూట చపాతీలు మామూలుకన్నా తక్కువ తిన్నాను.

ఫైనల్ వారం నజ్మాలో కుట్టుసామాను అమ్మే కొట్టుకి వెళ్ళాను. మాది పసుపూ ఆకుపచ్చా, అవతలి జట్టుది ఎరుపూ తెలుపూ. కొట్టాయన హైదరాబాదు మనిషి. రిబ్బను కొలుస్తూ, షాదీ ఎవరిది అని అడిగాడు. మా ఆవిడదే అన్నాను. ఆయన కత్తెర ఆగిపోయింది.

ఆట మొదలైంది. జట్టుకి తొమ్మిదేసి మంది. అవతలి కెప్టెన్ ఇక్కడ నర్సుగా పనిచేసే ఐరిష్ అమ్మాయి, గాలిలాగా పరుగెత్తుతుంది. మా ఆవిడ ఆ గాలికి అడ్డంగా తలుపు వేసినట్టు నిలబడింది. రెండో సగం చివరికొచ్చేసరికి మావాళ్ళు రెండు పాయింట్లు ముందున్నారు. ఇంకా రెండు నిమిషాల ఆట ఉంది.

ఇక్కడ నా ఉద్యోగం గురించి ఒక మాట. మా ఆఫీసులో ఏ ఫైలైనా గడువు కన్నా ముందే సిద్ధంగా ఉండాలి. గడువుకి సిద్ధం చేసేవాణ్ణి ఆలస్యంగా వచ్చినవాడిగానే చూస్తారు. పదిహేనేళ్ళుగా ఆ అలవాటు నా వేళ్ళలోకి ఎక్కిపోయింది. గ్రౌండు పక్క మెట్లమీద పైవరసలో కప్పు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానా, చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఎడం జేబులో ఎరుపు. కుడి జేబులో పసుపు. నేను కుడి జేబే తడిమాను.

పసుపు రిబ్బన్ని కప్పు చెవి చుట్టూ తిప్పి ముడి వేశాను. నాకు షూలేసు ముడి కూడా సరిగ్గా రాదు. జీవితంలో శ్రద్ధగా ముళ్ళు వేసింది ఒక్కసారే, అదీ పసుపుతాడుకి, పురోహితుడు చెప్పినట్టు. చేతులకి అదే గుర్తుంది కాబోలు, పసుపు కనపడగానే మూడు ముళ్ళూ వేసేశాయి. రెండో చెవికీ మూడే. బిగించి, లాగి చూసి, తృప్తిగా తలెత్తాను.

ఆ నర్సమ్మాయి బంతిని ఎత్తుగా తన్నింది. మామూలుగా అయితే అడ్డకర్ర మీదుగా పోయి ఒక పాయింటు అయ్యేదే, మావాళ్ళు ఇంకా ఒకటి ముందుండేవాళ్ళే. మా ఆవిడ ఎగిరింది. బంతి ఆవిడ వేళ్ళ కొసలకి తగిలి, దారి మార్చుకుని, గోల్‌కీపరు భుజం మీదుగా వలలో పడింది. మూడు పాయింట్లు. బంతి మళ్ళీ మధ్యకి వచ్చిందో లేదో, ఆఖరి విజిల్ పడింది. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. మా ఆవిడ గోలు ముందు తన చేతివేళ్ళ వంక చూసుకుంటూ నిలబడింది.

నా ఒళ్ళో కప్పు పసుపు రిబ్బన్లతో పెళ్ళికూతురిలా ఉంది.

విప్పబోయాను. మూడు ముళ్ళు విప్పడానికి వెయ్యరు కదా, ఒక్కటీ రాలేదు. గోళ్ళతో గిల్లాను, పళ్ళతో లాగాను. ఎరుపూ తెలుపూ జట్టు జనంలోంచి మెట్లెక్కి వస్తోంది, వీపులు చరుస్తున్న చప్పుడు దగ్గరవుతోంది. పెద్దాయన వంగి చూసి, మొహం మీద ఏ మార్పూ లేకుండా, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి కట్లు కోసే కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాని పదును నా పదునంతే. ఒక చెవి రిబ్బను ఊడింది. రెండో దాని ముక్క ఒకటి చెవికీ కప్పుకీ మధ్య సందులో ఇరుక్కుని ఎంతకీ రాలేదు. దానిమీదే ఎరుపు రిబ్బను చుట్టి, ఈసారి ఒక్క ముడితో సరిపెట్టి, కప్పు ఇచ్చేశాను.

నర్సమ్మాయి ఐరిష్ వాక్యం ఒక్క ఊపిరిలో పలికేసింది. మా ఫ్రిజ్ మీది వాక్యమే. కింద తన జట్టుతో నిలబడ్డ మా ఆవిడ పెదాలు కూడా కదలడం పైనుంచి నాకు కనిపించింది. అమ్మాయి కప్పు ఎత్తింది. నా ఒంటి ముడి జారింది. ఎరుపు రిబ్బను ఆమె మోచేతి మీదకి వేలాడింది, సందులోంచి పసుపు ముక్క బయటపడింది.

ఆ అమ్మాయి దాన్ని చూసింది. ఇదెవరి పని అని మైకులోనే అడిగింది. పెద్దాయన ఆకాశం చూశాడు. నేను చెయ్యి ఎత్తాను. ఎప్పుడు కట్టావంది. విజిల్‌కి రెండు నిమిషాల ముందన్నాను. జనం గొల్లుమన్నారు. మా ఊళ్ళో అయితే నిన్ను ఊరవతల దింపి వచ్చేవాళ్ళు అంది నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి, ఓడిన జట్టుకి జేజేలు కొట్టించే వంతు వచ్చినప్పుడు మైకు దగ్గరకి లాక్కుంది.

"ఈ కప్పు రెండు నిమిషాలు వాళ్ళదైంది. ముడి కూడా పడింది. ఆ ముక్కని నేను తియ్యను. వాళ్ళ కోసం గట్టిగా అరవండి."

మూడు హుర్రేలు. అంత గట్టివి ఆ గ్రౌండులో నేనెప్పుడూ వినలేదు. మా ఆవిడ తలెత్తి మెట్ల పైకి చూసింది. కప్పు వైపు కాదు, నా వైపు.

కారులో ఇంటికి బయల్దేరాం. దిగులు ఆవిడ మీద ఉందో, కోపం నా మీద ఉందో తేల్చుకోలేక రోడ్డు వంకే చూస్తూ నడిపాను. నజ్మా సిగ్నల్ దగ్గర ఆగాక అడిగింది.

"ఏవండీ, ఇంకా రెండు నిమిషాలుండగానే కట్టేశారా?"

"ఊఁ."

"మూడు ముళ్ళూనా?"

"మూడూ. రెండు చెవులకీ."

ఆకుపచ్చ లైటు పడింది. వెనకాల ఎవరో హారన్ కొడుతున్నారు.

"నా మీద అంత నమ్మకమేంటండీ మీకు," అని కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది.

కప్పు గెలిచినవాళ్ళు దాన్ని బీరువాలో పెట్టరు. బడులకీ ఇళ్ళకీ తిప్పుతారు, అదీ వాళ్ళ పద్ధతే. మూడు వారాల తర్వాత నర్సమ్మాయి దాన్ని ఓ సంచీలో వేసుకుని మా ఇంటికి భోజనానికి వచ్చింది. మా దేశంలో ఇందులో ఏవేవో పోసుకుని తాగుతారు, మీరేం పోస్తారో చూద్దామని వచ్చాను అంది. మా ఆవిడ సేమ్యా పాయసం పోసింది. ముగ్గురం చెంచాలు ముంచి తిన్నాం. ఇంట్లో మూడు అర్థాల కప్పులూ ఒకేచోట చేరాయి, నెత్తిన ఒకటి, బల్లమీద ఒకటి, తర్వాత కాఫీకి ఒకటి.

ఫ్రిజ్ మీద చీటీ చూసి ఆ అమ్మాయి, కప్పు ఎదురుగానే ఉందిగా, ఎత్తి ఒకసారి చెప్పమంది. మా ఆవిడ ఖాళీ అయిన కప్పుని కడిగి, తుడిచి, రెండు చెవులూ పట్టుకుంది. ఎత్తుతుందనే అనుకున్నాను. ఎత్తలేదు. గెలిచినప్పుడు చెబుతానంది, ఏ బాధా లేకుండా, రేపు కూరగాయలు తెస్తానన్నంత మామూలుగా. చెవి సందులో పసుపు ముక్క ఇంకా ఉంది. కొస కొంచెం పీచులు లేచింది. దాన్ని గోటితో లోపలికి సర్ది, కప్పు సంచీలో పెట్టి ఇచ్చింది.

చీటీ ఫ్రిజ్ మీదే ఉంది. పోయిన శుక్రవారం నుంచి మళ్ళీ ప్రాక్టీసు మొదలైంది. ఈసారి కూడా కెప్టెన్ ఆవిడే. బూట్ల లేసులు కట్టుకుంటూ, తల ఎత్తకుండానే నాకు పని అప్పగించింది.

"ఈసారి విజిల్ పడ్డాకే కట్టండి. ముళ్ళు మాత్రం మూడూ వెయ్యండి."