మా ముసలాయన వెనక అచ్చయిన ప్రధానం

నా పొదుపు వల్ల మా ఇంటి శుభకార్యం ఒక్క పూటలో ఏడుపుల కూడికగా ఎలా మారిందో చెబుతాను. మీరు నవ్వండి, ఫరవాలేదు. నాకే ఇంకా నవ్వు రావడం లేదు.

కాగితం ఒకవైపే వాడి పారేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. చెట్టును ఒకవైపే నరుకుతున్నారా? మా ఆయన పోయినప్పుడు చర్చిలో ఆదరణ కూడికకు వేయించిన కార్డులు ఓ కట్ట మిగిలాయి. ముందువైపు ఆయన ఫోటో. వెనకవైపు అరకు పొగమంచులా తెల్లగా ఖాళీ. మనవరాలు రిబ్కా ప్రధానానికి, అదే నిశ్చితార్థానికి, పిలుపు ఆ ఖాళీలోనే వేయిద్దామని పాడేరు ప్రెస్సుకు మోసుకెళ్ళాను.

ప్రెస్సతను కార్డు అటూ ఇటూ తిప్పాడు. "మామ్మా, ముందేపు తాతగారున్నారు కదా?"

"ఉంటే ఏటి? నిన్నేటైనా అన్నాడా? ఎనకేపు అచ్చెయ్."

రిబ్కా బతిమాలింది. "ఫోన్లో పంపేద్దాం మామ్మా, కాగితమే అక్కర్లేదు."

"సిగ్నల్ కోసం కొండెక్కి మరీ నీ పిలుపు సదువుతారేటే గుంటా?"

సంతలో నా చేత్తోనే పంచాను. "తప్పకుండా రండి" అన్నానే గానీ ఎందుకో చెప్పలేదు. కార్డులో ఉంది కదా, మాటలు దండగ! మా వైపు చదువు రానివాళ్ళు బొమ్మను బట్టి పోల్చుకుంటారు. జంట ఉంటే పెళ్ళి, ఒంటరి ముసలాడుంటే చావు. మూడో తరగతితో ఆపినదాన్ని, నాకైనా తట్టొద్దా?

ప్రధానం రోజు అందరూ తెల్లచీరల్లో, కొవ్వొత్తులతో దిగారు. నా చెల్లెలు వాకిట్లోనే నన్ను వాటేసుకుని, "బావా, అప్పుడే ఏడాదైపోనాదా!" అని గొల్లుమంది. వెనకున్నవాళ్ళంతా శ్రుతి కలిపారు. సరిగ్గా అప్పుడే చింతపల్లి నుంచి పెళ్ళికొడుకు వాళ్ళ జీపు వచ్చి ఆగింది.

వాళ్ళ నాయనమ్మ దిగకుండానే అడిగింది. "ఎవులు పోనారు?"

"ఎవులూ పోలేదు వదినా, మా ముసలాడే!"

"ఇప్పుడా?"

"కాదు, కిందటేడు!"

"మరిప్పుడు ఏడుత్తారేటి? శుభమా అని వత్తే ఇదేటి? డ్రైవరూ, బేగి తిప్పు!"

రిబ్కా పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని జీపుకు అడ్డంగా పరుగెత్తింది. కార్డు వెనకవైపు చూపించి, కాళ్ళావేళ్ళా పడి వాళ్ళను దింపింది. ఉంగరాలు మార్చుకున్నారు. కానీ ఫోటోల నిండా తెల్లచీరలు, ఎర్రకళ్ళు. పిల్లకు జన్మలో ఒక్కసారి వచ్చే రోజు అది. ఆ ఆల్బం తను ఎవరికీ చూపించదు. నేనూ అడగను.

పెళ్ళికి రిబ్కా ఒక్క కార్డూ వేయించనివ్వలేదు. ఇంటింటికీ నడిచి నోటితో పిలిచింది. నేను కోరినదానికన్నా కాగితం ఎక్కువే మిగిలింది. చివరికి నా గడపలోకీ వచ్చి, పరాయిదాన్ని పిలిచినట్టు, "నా పెళ్ళి మామ్మా. రంగుకోక కట్టుకుని రా" అంది.

అందుకే బైబిలు మీద చెయ్యివేసి చెబుతున్నాను. కాగితం రెండువైపులా వాడటం మానను. కానీ పోయినవాళ్ళ వీపు మీద బతికున్నవాళ్ళ శుభం ఇంకెన్నడూ అచ్చు వేయించను.